కాలనీ పత్రికలో నీ పేజీ

కూకట్‌పల్లి, హైదరాబాద్

చి. అమ్ములుకు,

నీకు రియల్ ఎస్టేట్ ఏజెంటుగా రెరా రిజిస్ట్రేషన్ వచ్చిందనీ, మీ కాలనీ సంఘం వాళ్లు తమ మాసపత్రికలో ఇళ్ల గురించి రాయమని నీకొక పేజీ ఇచ్చారనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మొదటి నెలకు రాసింది అచ్చుకివ్వక ముందే నాకు పంపి మంచిపని చేశావు. మన వ్యాపారంలో నోటిమాటలకు కొదవ లేదు. కాగితం మీద రాసి కింద తమ పేరు పెట్టుకునేవాళ్లే తక్కువ. అందుకే నీ పేజీ మీద నాకింత పట్టింపు.

"ప్రశాంత వాతావరణం", "బస్టాండుకు పదిహేను నిమిషాలు", "పెట్టుబడికి సువర్ణావకాశం", "క్లియర్ టైటిల్". నీ వ్యాసం అంతా ఈ నాలుగు మాటల చుట్టూ తిరిగింది. ఏ ఊళ్లో ఏ వెంచర్ బ్రోచర్ తీసినా ఇవే ఉంటాయి. విజయవాడ పాయకాపురంలో పుట్టి పెరిగిన పిల్ల రాయాల్సినవి ఇవి కావమ్మా. మీ వీధిలో అందరికీ తెలిసి, బయటినుంచి ఇల్లు కొనడానికో అద్దెకో వచ్చేవాళ్లకు తెలియనివి బోలెడు ఉన్నాయి. అవి రాయడానికే నీకు ఆ పేజీ దొరికింది.

ముందు నీళ్ల సంగతి రాయి. నీ వ్యాసంలో బుడమేరు వాగు పేరే లేదు. 2024 సెప్టెంబరు 1న తెల్లారేసరికి సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ ఏమయ్యాయో నువ్వు కళ్లారా చూశావు. రోజుల తరబడి జనం డాబాల మీదే ఉన్నారు. పాలు, తాగే నీళ్లు పడవల్లో వచ్చాయి. అలాంటి చోట ఇల్లు చూడటానికొచ్చిన మనిషికి ఆ మాట చెప్పకుండా "ప్రశాంత వాతావరణం" గురించి చెబితే ఎలా?

చెప్పేటప్పుడు కారణంతో సహా చెప్పు. మైలవరం వైపు కొండల్లో పుట్టిన ఆ వాగు కొల్లేటికి చేరాలి. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు పెట్టి, అక్కణ్నుంచి మళ్లింపు కాలువ ద్వారా దాని నీటిని ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు ఉంది. కృష్ణ కూడా పోటు మీదున్నప్పుడు ఆ కాలువ నీళ్లు అటు లాగవు. ఆ సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. బ్యారేజీ కట్టాక అంతకుముందు ఎన్నడూ అంత రాలేదు. అదే సమయంలో మళ్లింపు కాలువకు మూడు గండ్లు పడ్డాయి. అవన్నీ పూడ్చేసరికి దాదాపు వారం పట్టింది. ఇంత తెలిస్తే, కొనేవాడు కాలువ పనులు ఎంతవరకు వచ్చాయో తానే కనుక్కుని నిర్ణయించుకుంటాడు.

ఆ తర్వాత మీ వీధి దగ్గరికి రా. చేతిలో టేపు పట్టుకుని ఇంటింటికీ తిరుగు. వరద గీత ముందుగోడ మీద కొత్త రంగు కింద పోయి ఉంటుంది. మెట్ల కింద చూడు, కాంపౌండు గోడ లోపలి వైపు చూడు. కనిపిస్తే నేలనుంచి ఎంత ఎత్తుందో కొలిచి రాసుకో. కరెంటు మీటర్ల బోర్డు ఆ గీతకు పైనుందా, కిందనుందా? బోరు మోటారు స్టార్టరు ఎక్కడ బిగించారు? లిఫ్టు ఉంటే దాని మోటారు పైన ఉందా, కింద గుంటలో ఉందా? వరద తర్వాత డబ్బులు వేసుకుని మీటర్లన్నీ పైకి మార్పించుకున్న గ్రూప్ హౌస్ ఉంటే ఆ సంగతి తప్పకుండా రాయి. జాగ్రత్తపడ్డవాళ్ల ఇంటికి విలువ పెరగాలి. పక్కవాళ్లు కూడా అది చదివి మార్పించుకోవాలి.

ఓనర్లకు కోపం వస్తుంది. "నువ్వు మా కాలనీ పిల్లవై ఉండి మా రేట్లు పడగొడతావా?" అని మీ నాన్న దగ్గరికే పంచాయితీ తెస్తారు. నిలబడు. నువ్వు రాయకపోయినా కొనేవాడు పక్కింట్లో అద్దెకుండేవాళ్లను ఒక్క మాట అడిగితే తెలిసిపోతుంది. అప్పుడు వాడు ఆ ఇంటినే కాదు, ఓనరు చెప్పిన మిగతా నిజాలను కూడా నమ్మడు. అదీగాక, కింది పోర్షన్ అద్దెకు తీసుకునేవాళ్లలో ఎక్కువమంది కూలికో చిన్న ఉద్యోగానికో పోయేవాళ్లు. ఫ్రిజ్జు, మంచం, పిల్లల పుస్తకాలు, రేషన్ బియ్యం, అన్నీ నేలమీదే ఉంటాయి వాళ్లవి. వాళ్లకు ముందే తెలియాలా వద్దా? నాకైతే రేట్ల కంటే అదే పెద్ద ప్రశ్న.

ఇక కాగితాల విషయం. "క్లియర్ టైటిల్" అని నువ్వు రాయకు. అది లాయరు అన్ని లింకు డాక్యుమెంట్లూ చూశాక, అదీ సంతకం పెట్టి చెప్పాల్సిన మాట. నువ్వేం చూశావో అది రాయి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఏ సంవత్సరం నుంచి తీయించావు, లింకు డాక్యుమెంట్లు ఎంత వెనక్కి ఉన్నాయి, సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఎప్పుడు అడిగావు, ప్లాను మంజూరు ఎన్ని అంతస్తులకు, కట్టింది ఎన్ని. చూడనిదాన్ని చూడలేదనే రాయి. ఊరి శివార్లలో స్థలాల గురించి రాసేటప్పుడు అసైన్డ్ భూమి సంగతి మరీ జాగ్రత్త. 1977 నాటి చట్టం పేదలకిచ్చిన భూమి చేతులు మారకూడదంది. తర్వాతి సవరణలతో కొన్ని సడలింపులొచ్చాయి గానీ, అవి ఫలానా స్థలానికి వర్తిస్తాయో లేదో కాగితం చూసే చెప్పాలి. నోటరీ కాగితం మీద సెంట్ల లెక్కన కొనుక్కుని, రేకుల షెడ్డు వేసుకుని, చివరికి తమది కాదని తెలుసుకున్న కుటుంబాలను నేను చూశాను. వాళ్లను ఆ స్థలం దగ్గరికి తీసుకెళ్లింది మనలాంటి ఏజెంటే.

రెరా చట్టం గురించి ఒక నెల పేజీ మొత్తం కేటాయించు. 2016లో వచ్చిన ఆ చట్టంలో మామూలు జనానికి పనికొచ్చేవి చాలానే ఉన్నాయి, కానీ ఎవరూ చెప్పరు. అమ్మకపు అగ్రిమెంటు రాసి రిజిస్టర్ చేయకుండా బిల్డరు ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. కొన్నవాళ్ల దగ్గర వసూలు చేసిన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు పేర విడిగా ఖాతాలో ఉంచి, దాని నిర్మాణానికీ స్థలానికీ మాత్రమే వాడాలి. ఫ్లాటు చేతికిచ్చిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి కొన్నవాళ్లు చెబితే, 30 రోజుల్లో బిల్డరే తన ఖర్చుతో బాగుచేయాలి. స్లాబు కారుతుంటే మేస్త్రీని పిలిపించి తమ డబ్బుతో పూత వేయించుకునేవాళ్లు మీ కాలనీలోనే ఎంతమంది ఉంటారో చూడు. ఈ ఒక్క ముక్క వాళ్లకు చేరినా నీ పేజీ సార్థకం.

నీకు వర్తించేది కూడా దాచకుండా రాయి. రిజిస్టర్ చేయాల్సిన ప్రాజెక్టును రిజిస్టర్ చేయించకుండా అమ్ముతుంటే నువ్వు అందులో ఫ్లాటు చూపించి అమ్మిపెట్టడం చట్టవిరుద్ధం. "ప్రీ లాంచ్, ఇప్పుడైతే సగం రేటు" అని ఎవరైనా నిన్ను కలుపుకోవాలని చూస్తే రెరా నంబరు అడుగు, అది లేకపోతే లేచి వచ్చెయ్యి. అయితే స్థలం 500 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో సుమారు 598 గజాలు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మీ వైపు రెండొందల గజాల్లో లేపే గ్రూప్ హౌసులు చాలావరకు ఈ లెక్కకు బయటే ఉంటాయి. అక్కడ కొనేవాడికి ఆ రక్షణ ఉండదు కాబట్టి నువ్వు రాసే వివరం ఇంకా నికరంగా ఉండాలి. చదరపు అడుగులు చెప్పేటప్పుడు గోడల మధ్య వాడుకునే కార్పెట్ ఏరియా ఎంతో విడిగా చెప్పు. మెట్లు, బాల్కనీలు, లిఫ్టు కలిపిన పెద్ద అంకె ఒక్కటే వేయకు. స్థలంలో ఆ ఫ్లాటుకు రాసిన అవిభాజ్య వాటా ఎన్ని గజాలో కూడా వెయ్యి. ముప్ఫై ఏళ్ల తర్వాత బిల్డింగు పడగొట్టినప్పుడు మిగిలేది అదే.

రోడ్లు, ప్రాజెక్టుల గురించి ఒకటే చెబుతాను. ప్రకటించింది వేరు, టెండరు పిలిచింది వేరు, పని నడుస్తున్నది వేరు. ఏ దశలో ఉందో ఆ దశ పేరే రాయి. కనకదుర్గ ఫ్లైఓవర్ పనులు 2015 చివర్లో మొదలైతే దాని మీద బండ్లు తిరిగింది 2020 అక్టోబరులో. "ఏడాదిలో అయిపోతుంది" అన్న మాట నమ్మి భవానీపురంలో బ్యాంకు లోను తీసుకున్నవాళ్లు అన్నేళ్లూ ఆ దుమ్ములోనే వాయిదాలు కట్టారు. అమరావతి సంగతి నీకు చెప్పక్కర్లేదు. 2014లో రాజధాని అన్నప్పుడు, 2019 డిసెంబరులో మూడు రాజధానులన్నప్పుడు, మళ్లీ 2024లో ప్రభుత్వం మారినప్పుడు, చుట్టుపక్కల రేట్లు వార్తలను బట్టి లేచాయి, పడ్డాయి. ఉండటానికి కొనుక్కునేవాడిని ఆ జూదంలోకి నువ్వు లాగకు.

అసలు నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం ఇంకొకటుంది. నీ వ్యాసం చివర ఖాళీగా ఉన్న ఇళ్ల పట్టికలో రెండు చోట్ల "వెజిటేరియన్స్ ఓన్లీ" అనీ, ఒక చోట "మంచి కుటుంబాలకు మాత్రమే" అనీ ఉంది. ఓనర్లు చెప్పింది చెప్పినట్టు దింపావు, నీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు. కానీ ఆ మాటల వెనక ఏముందో మనందరికీ తెలుసు. ఇల్లు చూపించి కిందికి దిగగానే ఓనరు పక్కకు పిలిచి "వాళ్లేమిట్లు?" అని అడుగుతాడు. ఇంటిపేరు అడిగి, అది తేలకపోతే ఊరి పేరు, ఊళ్లో ఏ వైపు అని అడుగుతాడు. పెద్ద ఆసుపత్రిలో నర్సుగా చేస్తూ బిడ్డతో ఒంటరిగా ఉండే ఒకమ్మాయికి ఇల్లు చూపించడానికి నేను తిరిగిన రోజులు నాకింకా గుర్తే. జీతం స్లిప్పు చేతిలో పట్టుకుని నిలబడింది. మూడు నెలల అడ్వాన్సు ఇస్తానంది. అయినా ఒక చోట "మగదిక్కు లేదుగా" అన్నారు, ఇంకో చోట ఆమె పేరు విని "మా పూజగదికి కుదరదు" అన్నారు. ఆమె అవన్నీ మెట్ల మీద నిలబడి వింటూనే ఉంది.

ఓనరు మనసును నువ్వొక్కదానివే మార్చలేవు. కానీ నీ పేజీ నీది. అందులో కులం, మతం, తిండి, ఒంటరి ఆడవాళ్లు అన్న షరతు ఒక్కటి కూడా అచ్చు కానివ్వను అని తీర్మానించుకో. ఓనరుకు ఆ మాట ముందే చెప్పు. అద్దె, అడ్వాన్సు, నీళ్లు, బండి పెట్టుకునే చోటు, ఎంతమందికి సరిపోతుంది, ఇంతవరకే రాస్తానని చెప్పు. ఒకరిద్దరు తమ ఇల్లు వెనక్కి తీసుకుంటారు, తీసుకోనీ. వేరేవాళ్లు ఇస్తారు. చదివేవాళ్లలో ఆ నర్సులాంటి మనిషి ఉంటే ఆ పేజీ చూసి తనకు కూడా ఫోన్ చేసే హక్కుందని అనుకుంటుంది.

అలాగే "అర్జెంటు సేల్, అవసరానికి అమ్ముతున్నారు" అని రాయకు. ఆ అవసరం కూతురి పెళ్లి కావచ్చు, ఆపరేషన్ కావచ్చు, అన్నదమ్ముల తగువు కావచ్చు. మీ కాలనీలో ఆ పత్రిక చదివేవాళ్లకు అది ఎవరిల్లో ఇట్టే తెలిసిపోతుంది. నలుగురూ దాన్ని ఆసరా చేసుకుని రేటు ఇంకా కిందికి లాగుతారు. వాళ్లు నీకు నమ్మి చెప్పుకున్న కష్టం నీ దగ్గరే ఉండిపోవాలి. నువ్వే అమ్మిపెడుతున్న ఇంటి గురించి రాస్తే మాత్రం, ఇది కుదిరితే నాకు కమీషన్ వస్తుంది అని మొదటి వాక్యంలోనే చెప్పెయ్యి. ఆ తర్వాత నువ్వు చెప్పే మంచీ చెడూ వాళ్లు దాన్నిబట్టి తూచుకుంటారు.

పత్రిక అచ్చుకు పోవడానికి ఇంకా పదిరోజుల టైముందని మీ నాన్న అన్నాడు. పట్టిక మార్చు, బుడమేరు గురించి ఒక పేరా రాయి. బస్టాండుకు పదిహేను నిమిషాలన్నావు కదా, ఉదయం ఎనిమిదిన్నరకు స్కూలు ఆటోల రద్దీలో నువ్వే ఒకసారి వెళ్లొచ్చి ఎంత పట్టిందో ఆ టైము వెయ్యి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర నాకు బాగా తెలిసిన డాక్యుమెంటు రైటరు ఉన్నాడు. నీ నంబరు ఆయనకిచ్చాను. సోమవారం నువ్వే ఫోన్ చెయ్యి, ఈసీ ఎలా చదవాలో ఓపిగ్గా చెబుతాడు. తిరగరాశాక నాకు మళ్లీ పంపు. అమ్మకు, నాన్నకు నేను అడిగానని చెప్పు.

మీ బాబాయి