తప్పు కుక్కది కాదు

కొన్ని దేశాల్లో కుక్కలకు లీష్మేనియాసిస్ అనే జబ్బు వస్తుంది. స్పెయిన్, ఇటలీ, బ్రెజిల్ అలాంటి దేశాలే.

జబ్బు చేసిన కుక్క చిక్కిపోతుంది. కళ్ల చుట్టూ వెంట్రుకలు రాలిపోతాయి. గోళ్లు పొడుగ్గా పెరుగుతాయి. ఒంటిమీద పుండ్లు పడతాయి.

ఈ జబ్బు ఎలా వస్తుంది?

ఇసుక ఈగ కుడితే వస్తుంది. ఇది దోమకన్నా చిన్నది. నువ్వుగింజంత ఉంటుంది. చప్పుడు చెయ్యదు. పొద్దుగూకాక కుడుతుంది. గుడ్లు పెట్టడానికి ఆడ ఈగకు నెత్తురు కావాలి. జబ్బు కుక్కను కుడితే నెత్తురుతోపాటు క్రిములు ఈగ కడుపులోకి పోతాయి. ఆ ఈగ మరో కుక్కనో, మనిషినో కుడితే వాళ్లకూ జబ్బు రావచ్చు.

కుక్కను నిమిరితే ఈ జబ్బు మనకు అంటదు. బ్రెజిల్‌లో జబ్బు కుక్కలను ఏళ్ల తరబడి చంపారు. అయినా జబ్బు పోలేదు. కుక్కలు చచ్చినా ఈగలు మిగిలాయి కదా! ఇప్పుడు అక్కడ ఈగలను చంపే మందున్న పట్టీలను కుక్కల మెడకు కడుతున్నారు.

మన దేశంలో ఏం జరుగుతుంది?

బీహార్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్, ఉత్తరప్రదేశ్‌లలో ఇలాంటి క్రిమి వల్లే మనుషులకు కాలా అజార్ వస్తుంది. ఇక్కడ ఈగ జబ్బును మనిషి నుంచి మనిషికి మోస్తుంది. రెండు వారాలు దాటినా జ్వరం తగ్గదు. కడుపులో ఎడమ పక్క బల్ల పెరుగుతుంది. వైద్యం లేకపోతే ప్రాణం పోతుంది. 1920ల్లో కలకత్తా డాక్టరు ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి దీనికి మందు కనిపెట్టారు. ఎందరో బతికారు. ఇప్పుడు అంతకన్నా మంచి మందులు వచ్చాయి. సర్కారు ఆసుపత్రిలో వైద్యం ఉచితం.

మరి మనకెందుకు ఈ సంగతి?

ఇసుక ఈగ మన పల్లెల్లోనూ ఉంది. చాందీపురా అనే మెదడు జ్వరాన్ని మోసేది అదే. 2003లో ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడు జ్వరం వచ్చింది. 183 మంది చనిపోయారు. ఆ జ్వరానికి కారణం చాందీపురా అని డాక్టర్లు తేల్చారు.

అక్కలారా, మనం ఏం చెయ్యాలి?

• మట్టిగోడల బీటలు పూడ్చి అలకాలి. ఈగ దాగేది అక్కడే.
• పేడకుప్ప, చెత్త ఇంటికి దూరంగా వెయ్యాలి.
• మందు కొట్టేవాళ్లు వస్తే వంటిల్లు, దేవుడి గది, పశువుల కొట్టం అన్నీ చూపించాలి. ఒక్క గది వదిలినా ఈగ అక్కడ చేరుతుంది.
• పిల్లలను సన్న కన్నుల దోమతెరలో పడుకోబెట్టాలి.
• బిడ్డకు జ్వరంతో ఫిట్స్ వచ్చినా, తెలివి తప్పినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఒక్క మాట. కుక్క కరిస్తే వచ్చే రేబిస్ వేరు. కరిచిన చోట సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. వెంటనే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకోవాలి.

చదివారు కదా! చెప్పండి:

1. ఇసుక ఈగ ఎక్కడ దాగుతుంది?
2. కుక్కలను చంపినా జబ్బు ఎందుకు పోలేదు?
3. మీ ఇంట్లో గోడల బీటలు ఎక్కడెక్కడ ఉన్నాయి? చూసి రాయండి.