అతుకు చెప్పిన చరిత్ర

పిల్లలూ! మొజాయిక్ అనగానే మనకు ఇంటి గచ్చు గుర్తుకు వస్తుంది. రంగు రాళ్లను, గాజు ముక్కలను తడి సున్నపు గారలో ఒక్కొక్కటిగా పొదిగి గోడలపై బొమ్మలు కూడా కూర్చవచ్చు. బైజాంటైన్ సామ్రాజ్యంలో ఈ కళ ఎంతో వృద్ధి చెందింది.

టర్కీలోని ఇస్తాంబుల్ నగరంలో హగియా సోఫియా అనే కట్టడం ఉంది. క్రీ.శ. 537లో చర్చిగా పూర్తయింది. 1453లో మసీదుగా, 1935లో మ్యూజియంగా మారి, 2020లో మళ్లీ మసీదు అయింది. దాని పై అంతస్తు గోడపై 11వ శతాబ్దపు మొజాయిక్ చిత్రం ఒకటి ఉంది. నడుమ క్రీస్తు. ఒక పక్క డబ్బు సంచితో చక్రవర్తి తొమ్మిదవ కాన్‌స్టంటైన్, మరో పక్క చుట్టిన పత్రంతో జోయి మహారాణి. చర్చికి ఇచ్చిన కానుకలకు ఇవి గుర్తులు.

వెనుక భాగమంతా బంగారు కాంతి! గాజు పలకపై పలుచని బంగారు రేకు పరచి, పైన మరో పలుచని గాజు పొరను వేడితో అతికించి, చిన్న ముక్కలుగా కోసేవారు. గాజు కప్పి ఉన్నందున రేకు అరిగిపోదు. పతన కోణం, పరావర్తన కోణం సమానమని మీరు చదివారు కదా! ముక్కలన్నీ ఒకే తలంలో ఉంటే కాంతి అంతా ఒకే దిక్కుకు పోతుంది. కొద్దికొద్దిగా వాలుతో పొదిగితే, మనం నడిచేకొద్దీ వేరువేరు ముక్కలు మెరుస్తాయి.

ఇక అసలు సంగతి. ముగ్గురి ముఖాల చుట్టూ అతుకులు కనిపిస్తాయి! చక్రవర్తి పేరు ఉన్నచోట కూడా మార్పు జరిగింది. అంటే పాత ముఖాలు తీసి కొత్తవి పొదిగారన్నమాట. ఎందుకు? జోయికి మూడు పెళ్లిళ్లు: 1028లో రొమానోస్‌తో, 1034లో మైకేల్‌తో, 1042లో కాన్‌స్టంటైన్‌తో. ముగ్గురూ చక్రవర్తులయ్యారు. ఈ చిత్రంలో మొదట ఉన్నది రొమానోస్ అని చాలామంది పండితుల ఊహ. భర్త ముఖం మారడం సరే, జోయి ముఖం ఎందుకు మారింది? 1042లో ఆమెను కొద్దికాలం వెళ్లగొట్టినప్పుడు దాన్ని చెడగొట్టి ఉంటారని కొందరి అభిప్రాయం.

పేరు మాత్రమే చదివినవారికి ఇక్కడ ఒక్క చక్రవర్తే కనిపిస్తాడు. అతుకును గమనించినవారికి అతని వెనుక మరొకడు ఉన్నాడని తెలుస్తుంది. విజ్ఞానశాస్త్రానికి కావలసినది ఈ చూపే. మీ ఊరి పాత గుడి గోడనో, బడి గచ్చునో పరిశీలించండి. అతుకు ఎక్కడుంది? ఎందుకు వేశారు? నోటు పుస్తకంలో రాయండి.