పాత డీజిలు కారు: ఇంటివద్ద సంరక్షణ

మా ఊరు ఆమదాలవలస. పేరులోనే ఆముదం వినిపిస్తుంది. ఎడ్లబండ్ల కాలంలో ఇరుసుకు కందెనగా వాడినదీ ఆముదమే. అందులో కాల్చిన గడ్డిమసి కలిపి, ప్రయాణానికి ముందు బండివాడు ఇరుసుకు పట్టించేవాడు. కందెన లేని బండి కూత పెడుతుంది, ఎడ్లు అలసిపోతాయి, చివరకు ఇరుసు అరిగి విరుగుతుంది. ఈ సంగతి మన రైతులకే గాక యంత్రశాస్త్రజ్ఞులకూ తెలుసు. 1909లో ఇంగ్లండులోని వేక్‌ఫీల్డ్ సంస్థ మోటారు ఇంజన్ల కొరకు ఆముదం కలిపిన ఒక నూనెను తయారుచేసి, ఆముదానికి ఇంగ్లీషులో గల 'కాస్టర్' అనే పేరును బట్టి దానికి 'కాస్ట్రాల్' అని పేరు పెట్టింది. బండి మారినా కందెన అవసరం మారలేదు.

శ్రీకాకుళం పట్టణానికి రైలులో రావలసినవారు మా ఊరిలోని శ్రీకాకుళం రోడ్ స్టేషనులోనే దిగాలి. అక్కడినుండి పట్టణానికి ప్రయాణికులను చేరవేస్తూ మా తండ్రిగారు చాలాకాలం టాక్సీ నడిపారు. ఆయన వద్ద ఉండినది డీజిలు అంబాసిడర్. దాని సంపాదనతోనే నేను విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. వరకు చదువుకున్నాను. కనుక ఈ వ్యాసం ఒక యంత్రాన్ని గురించినదే అయినా, కొంత ఋణం తీర్చుకోవడం కూడా ఇందులో ఉన్నది. మన విద్యార్థులలో జీపులు, ఆటోలు, వ్యానులు నడిపేవారి బిడ్డలు అనేకులు ఉన్నారు. వారికి ఇది ఉపయోగపడగలదని నా ఆశ.

అంబాసిడర్ చరిత్ర కొద్దిగా

బ్రిటిషు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు నమూనాగా, హిందూస్తాన్ మోటార్స్ సంస్థ 1950ల చివరలో పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీని ఆరంభించింది. 1980 ప్రాంతంలో దానికి 1489 ఘనసెంటీమీటర్ల డీజిలు ఇంజను అమర్చారు. దాని శక్తి 37 అశ్వశక్తులు మాత్రమే. వేగం తక్కువ, మోత ఎక్కువ; అయినా డీజిలు ధర పెట్రోలు ధరకంటే తక్కువ కావడంచేత టాక్సీవారు దానిని ఆదరించారు. 2014 మే నెలలో ఉత్తరపారాలో తయారీ నిలిచిపోయింది. ఇప్పుడు మిగిలిన అంబాసిడర్లన్నీ పాతవే. వాటి బ్రతుకు యజమాని శ్రద్ధమీదనే ఆధారపడి ఉన్నది.

ఇంజను స్వభావం

జర్మనీ దేశపు ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో తన ఇంజనును విజయవంతంగా నడిపి చూపాడు. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనాన్ని మండిస్తుంది. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. గాలిని ఇరవై రెట్ల వరకు అదిమిపెడితే దాని వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ వేడిగాలిలోకి డీజిలును సన్నని తుంపరగా చిమ్మితే అది తనంత తానే అంటుకుంటుంది. సైకిలు పంపుతో గాలి కొట్టేటప్పుడు గొట్టం వేడెక్కడం మీరు గమనించే ఉంటారు. సూత్రం అదే.

ఇందువలన మూడు విషయాలు తేలుతున్నవి. గాలి పుష్కలంగా, దుమ్ము లేకుండా అందాలి. డీజిలులో నీరు గాని, మడ్డి గాని, గాలిబుడగ గాని ఉండరాదు. కదిలే భాగాల మధ్య మంచి నూనె ఉండాలి. గాలి, ఇంధనం, నూనె – ఈ మూడింటి శుభ్రతయే డీజిలు ఇంజనుకు ఆయుర్దాయం. ఇంటివద్ద చేయదగిన పని అంతా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

మొదటిది: గాలి

పాత కార్లలో చాలావాటికి నూనెతొట్టి రకం ఎయిర్ ఫిల్టరు ఉంటుంది. లోపలికి వచ్చే గాలి నూనెమీదుగా మలుపు తిరిగినప్పుడు దుమ్ము అందులో చిక్కుకుంటుంది. మట్టిరోడ్లపై తిరిగే కారు అయితే నెలకొకసారి తొట్టిని విప్పి, అడుగున పేరిన బురదను తీసివేసి, డీజిలుతో కడిగి, ఆరబెట్టి, గీత వరకు కొత్త నూనె పోయాలి. గీత దాటి పోయరాదు. ఎక్కువైన నూనెను ఇంజను పీల్చుకున్నచో అదే ఇంధనమై, తాళంచెవి త్రిప్పినా ఆగక ఇంజను విపరీత వేగంతో పరుగెత్తే ప్రమాదం కలదు. కాగితపు ఫిల్టరు అయితే తేలికగా తట్టి దుమ్ము దులపాలి, మరీ నల్లబడితే మార్చాలి, నీటితో కడుగరాదు.

రెండవది: ఇంధనం

ఇంజెక్షన్ పంపులోని భాగాల మధ్య ఎడం మిల్లీమీటరులో కొన్ని వేల వంతులు మాత్రమే. మన తలవెంట్రుక మందం దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. పైగా ఆ పంపుకు కందెన కూడా ప్రవహించే డీజిలే. అట్టి పంపులోకి నీటిచుక్క చేరితే తుప్పు, ఇసుకరేణువు చేరితే గీత తప్పవు. నీరు డీజిలుకంటే బరువైనది గనుక ట్యాంకు అడుగున, ఫిల్టరు అడుగున పేరుకుంటుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంచితే రాత్రి చల్లదనానికి లోపలిగాలిలోని తేమ నీరుగా మారుతుంది. వర్షకాలంలో ట్యాంకును వీలైనంత నిండుగా ఉంచాలి. ఫిల్టరు క్రింద వదులు చేయగల స్క్రూ ఉంటే వారానికొకసారి దానిని విప్పి, ఒక గాజుసీసాలోకి కొద్దిగా డీజిలు పట్టి చూడాలి. అడుగున వేరే పొరగా తేటగా కనిపించేది నీరు.

ఈ విషయంలో నా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. పన్నెండేళ్ళ క్రిందట, కారుతో వచ్చిన పుస్తకం ముందుపెట్టుకొని ఒక ఆదివారం నేనే డీజిలు ఫిల్టరు మార్చాను. ఇంజను స్టార్టయింది, నాకు గర్వం కలిగింది. మరునాడు తెల్లవారుజామున మా తల్లిగారిని కంటి ఆపరేషనుకై విశాఖపట్నం తీసుకొని బయలుదేరాము. ఎచ్చెర్ల దాటి చిలకపాలెం చేరకముందే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నేను తాళంచెవి త్రిప్పుతూనే ఉన్నాను. కొంతసేపటికి బ్యాటరీ కూడా పడిపోయింది. వెనుక సీటులో కూర్చున్న మా తండ్రిగారు దిగి, బానెట్ ఎత్తి, ఫిల్టరుపై స్క్రూ వదులుచేసి, ఫీడ్ పంపు చేతిమీటను ఆడించారు. నురుగు నురుగుగా డీజిలు వచ్చింది. "కారుది తప్పు కాదు నాయనా, దానికి తిండి పెట్టి గొంతులో గాలి వదిలేశావు" అన్నారు. దారినపోయేవారు తోయగా కారు కదిలింది గాని, ఆసుపత్రికి చేరేసరికి వేళ దాటిపోయింది. ఆపరేషను మరొక పది రోజులకు వాయిదా పడింది. మా తల్లిగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ పది రోజులూ ఆమె గోడ పట్టుకొని నడుస్తుంటే చూడడమే నాకు శిక్ష.

ఆనాడు నేను చేయనిది ఎయిర్ తీయడం. ఫిల్టరు మార్చిన ప్రతిసారీ ఆ పని చేయాలి. దాని క్రమం ఇది. ఫిల్టరు పైనున్న స్క్రూను వదులుచేసి, బుడగలు ఆగి డీజిలు ధారగా వచ్చేవరకు చేతిమీటను ఆడించి, స్క్రూ బిగించాలి. మీట వదులుగా ఆడుతూ పంపు పని చేయకపోతే లోపలి క్యాము ఎత్తుమీద ఆగి ఉన్నదని అర్థం. ఇంజనును కొద్దిగా త్రిప్పి మళ్ళీ ప్రయత్నించాలి. పిమ్మట ఇంజెక్షన్ పంపుమీది స్క్రూ వద్ద ఇట్లే చేయాలి. అప్పటికీ స్టార్టు కాకపోతే నాజిళ్ళకు వెళ్ళే గొట్టాల నట్లను సగం త్రిప్పు వదలి, స్టార్టరు త్రిప్పించి, డీజిలు చిమ్మగానే బిగించాలి. స్టార్టరును పది, పదిహేను సెకన్లకు మించి ఏకధాటిగా త్రిప్పరాదు. నాజిలు తుంపరకు వేలు అడ్డుపెట్టడం మహాప్రమాదం. ఆ ఒత్తిడికి డీజిలు చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది.

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా బి.ఎస్.-6 ప్రమాణపు డీజిలు వచ్చింది. ఇందులో గంధకం చాలా తక్కువ. గాలికి ఇది మేలు. పాత కార్ల యజమానులు మాత్రం రబ్బరు గొట్టాలను, వాషర్లను అప్పుడప్పుడు పరీక్షించుకోవాలి. గట్టిపడిన పాతరబ్బరు కొత్త ఇంధనానికి కారడం మొదలుపెట్టవచ్చు. డీజిలు బయటికి కారే సందులోనుండి గాలి లోపలికి పోగలదని మరువరాదు.

మూడవది: నూనె

సాధారణంగా 5,000 కిలోమీటర్లకు గాని, ఆరు నెలలకు గాని, ఏది ముందైతే అప్పుడు ఇంజను ఆయిల్ మార్చడం మంచిది. కారు పుస్తకం వేరే లెక్క చెబితే అదే ప్రమాణం. ఇంజను గోరువెచ్చగా ఉన్నప్పుడు డ్రైన్ ప్లగ్గు విప్పితే మడ్డితో సహా నూనె దిగిపోతుంది. ఆయిల్ ఫిల్టరును కూడా మార్చి, దాని రబ్బరు రింగుకు కొత్త నూనె రాసి చేతితో బిగించాలి. డీజిలు ఇంజనులో కొత్త నూనె కొద్ది రోజులకే నల్లబడుతుంది; అది మసి, దోషం కాదు. దోషాలు వేరు. కొలకడ్డీపై నూనెమట్టం పెరుగుతూ ఉంటే ఫీడ్ పంపు పొర చిరిగి డీజిలు కలుస్తున్నట్లు అనుమానించాలి. నూనె పాలుపోసిన కాఫీ రంగులోకి మారితే రేడియేటరు నీరు కలిసినట్లు. ఈ రెండు సందర్భాలలోనూ కారు నడపకుండా మేస్త్రికి చూపించాలి.

దించిన నూనెను కాలువలో గాని, పొలంగట్టున గాని పారబోయరాదు. అది నేలలోకి దిగి బావినీటిని చెరుపుతుంది. డబ్బాలో నింపి, పాతనూనె సేకరించే గ్యారేజీకి ఇవ్వాలి. అంబాసిడర్ ముందు చక్రాల వద్ద, వెనుకకు పోయే షాఫ్టు కీళ్ళ వద్ద గ్రీజు నిపిళ్ళు ఉంటాయి. వాటికి గ్రీజుగన్నుతో పాతగ్రీజు బయటికి వచ్చేవరకు పట్టించాలి. ఎడ్లబండి కందెనకు వారసుడు ఇదే.

పొగ చెప్పే సంగతులు

సైలెన్సరు పొగను చూచి ఇంజను ఆరోగ్యాన్ని కొంతవరకు గ్రహించవచ్చు. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా డీజిలు ఎక్కువవుతున్నది. ముందు ఎయిర్ ఫిల్టరు చూడాలి, తరువాత నాజిళ్ళను పరీక్ష చేయించాలి. నీలిపొగ వస్తే ఇంజను ఆయిల్ కాలుతున్నది. రింగులో, వాల్వులో అరిగినవి. తెల్లపొగ చలికాలపు ఉదయాన కొద్దిసేపు వచ్చి ఆగితే భయం లేదు. హీటర్ ప్లగ్గులలో ఏదైనా కాలిపోయినదేమో చూస్తే చాలు. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ పోక, రేడియేటరు నీరు తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్ పోయిందని శంకించాలి.

చేయి ఆపవలసిన చోటు

ఇంటిపని ఎంత మంచిదైనా దానికి హద్దు ఉన్నది. ఇంజెక్షన్ పంపు విప్పడం, నాజిళ్ళ ఒత్తిడి సరిచేయడం, టైమింగు మార్చడం – వీటికి ప్రత్యేకపు పరికరాలు, శుభ్రమైన గది కావాలి. నా ఫిల్టరు ఉదంతం తరువాత పంపులోకి నీరు కూడా చేరినట్లు తేలింది. ట్యాంకు అడుగు కడుగకుండా ఫిల్టరు ఒక్కటే మార్చిన ఫలితమది. దానిని బాగుచేయించడానికి నా నెలజీతంలో సగం పోయింది. బ్రేకుల విషయంలోనూ అరకొర తెలివి ప్రాణాంతకం. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రెండేళ్ళకొకసారి దానిని అనుభవజ్ఞునిచేత మార్పించాలి.

ఇంటివద్ద పని చేసేవారు మూడు నియమాలు తప్పరాదు. జాకీని మాత్రమే నమ్మి కారు క్రింద దూరరాదు. దిట్టమైన స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డు వేయాలి. వేడి ఇంజను రేడియేటరు మూత తీయరాదు. వరదనీటిలో మునిగిన కారును స్టార్టు చేయరాదు. నీరు గాలివలె అణగదు. సిలిండరులోకి నీరు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వద్ద తీరం దాటినట్టి జిల్లా మనది. ఈ జాగ్రత్త మనకు మరింత అవసరం.

ముగింపు

ప్రతి పనినీ ఒక నోటు పుస్తకంలో తేదీతో, కిలోమీటర్లతో వ్రాసుకోవాలి. మా తండ్రిగారి పుస్తకం ఇప్పటికీ నా వద్ద ఉన్నది. మొదటి పుటలు ఆయన ఉర్దూలో వ్రాసినవి. తరువాతి పుటలు నేను తెలుగులో వ్రాసినవి. ఎప్పుడు ఏ నూనె పోసినది, ఎప్పుడు బెల్టు తెగినది అన్నీ అందులో ఉన్నవి. చిలకపాలెం వద్ద ఆగిన రోజుకూడా ఉన్నది. ఆ పుట వ్రాసినది నేనే.

పాతకారును కాపాడుకోవడం మంచిదే గాని, అది పొరుగువారి ఊపిరికి హాని కారాదు. మన చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆపైన తనిఖీ జరిపించి పునరుద్ధరించుకోవాలి. కాలుష్య ధ్రువపత్రం కూడా తప్పనిసరి. ఎంత సేవచేసినా పొగ తగ్గని కారును మమకారంతో రోడ్డెక్కించడం న్యాయం కాదు. ఆనాడు దానికి సెలవు చెప్పడమే సరియైన పని. అంతవరకు మాత్రం గాలి, ఇంధనం, నూనె – ఈ మూడింటినీ శుభ్రంగా ఉంచండి. చేతికి అంటిన మసి సబ్బుతో పోతుంది. విద్యార్థి మిత్రులారా, ఆ మసికి సిగ్గుపడకండి. మనలో అనేకుల చదువుకు ఫీజు కట్టినది అటువంటి చేతులే.