మా ఆయనకు చెప్పాలా, వద్దా?

సమస్య: మాది ఉదయగిరి దగ్గర పల్లె. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. ఇంటి స్లాబు కోసం ఆయన పంపే డబ్బు నా ఖాతాలోనే దాస్తున్నాను. పోయిన శనివారం మా పొదుపు సంఘం వాట్సాప్ గ్రూపులో లీడరు నంబరు నుంచి 'పీఎం కిసాన్ కొత్త జాబితా' అని ఒక ఫైలు వచ్చింది. మా మామగారి పేరుందేమోనని నొక్కాను. ఏదో యాప్ ఎక్కింది. అడిగినవాటికల్లా సరే అని నొక్కుతూ పోయాను. జాబితా మాత్రం రాలేదు. సోమవారం బ్యాంకుకు వెళితే లక్షా ఎనభై వేలు లేవన్నారు. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు మేడమ్, ఒట్టు. స్టేషనుకు వెళ్దామంటే మా పెద్దోడు 'ఊరంతా తెలిసిపోద్ది, నాన్నకు అసలు చెప్పొద్దు' అంటున్నాడు. ఆత్మకూరులో ఉండే మా ఆడబిడ్డ చెవిన పడితే, ఆ మాట కువైట్ చేరడానికి గంట పట్టదు. లీడరుతో మాటలు మానేశాను. ఇంతలో నిన్న ఒకాయన సైబర్ పోలీసునని ఫోన్ చేశాడు. తొమ్మిది వేలు కడితే పోయినదంతా తిరిగి వేయిస్తాడట. గాజులు కుదువ పెట్టి కట్టమంటారా?
— ఒక సోదరి, ఉదయగిరి మండలం

సలహా: గాజులు చేతికే ఉండనివ్వండమ్మా. పోయిన సొమ్ము తెప్పించడానికి పోలీసులు ఫీజు అడగరు. మీరు పోలీసు గడపే తొక్కలేదు, మరి ఆ 'పోలీసు'కు మీ సంగతి ఎలా తెలిసింది? దోచుకున్నవాడికి తెలుసు. ఒకసారి మోసపోయినవాళ్ల నంబర్లు పట్టుకుని రెండోసారి ఇలా వల వేస్తుంటారు. అతని నంబరు రాసి పెట్టుకోండి, ఫిర్యాదులో పనికొస్తుంది.

ఓటీపీ మీరు చెప్పలేదు, నిజమే. మీ ఫోనే చెప్పింది. 'సరే' అని నొక్కినప్పుడు మెసేజీలు చదివే అనుమతి ఆ యాప్‌కు ఇచ్చేశారు. ఏపీకే అని ముగిసే ఫైలంటే జాబితా కాదు, యాప్. పీఎం కిసాన్‌లో మామగారి పేరుందో లేదో రైతు సేవా కేంద్రంలో అడిగితే చెబుతారు.

ఆ యాప్ ఇంకా ఫోన్లోనే ఉందా? ఉత్తరంలో ఆ ముక్క రాయలేదు. ఉందనే అనుకుని చెబుతున్నాను: మీ ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మీ అబ్బాయి ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి యూపీఐ, కార్డు, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. బ్యాంకు నంబరు పాస్‌బుక్కు మీదో, కార్డు వెనకో చూసుకోండి. గూగుల్లో వెతికితే దొంగ నంబర్లు తగలొచ్చు. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఏ రోజు, ఎంత, ఏ లావాదేవీ నంబరుతో పోయిందో చెప్పాలి. ఆ సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు దాటిపోతుంటుంది. ఎక్కడ మిగిలి ఉంటే అక్కడ నిలిపేస్తారు, తర్వాత కోర్టు ఉత్తర్వుతో మీకు చేరాలి. శనివారం పోయింది కాబట్టి అంతా వస్తుందని ఆశ పెట్టలేను. ఆ ఫైలునూ మెసేజీలనూ ఫొటోలు తీసుకున్నాకే ఫోన్‌ను రీసెట్ చేయించండి.

బ్యాంకులో నోటిమాటతో రాకండి. ఫిర్యాదు రాసిచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోండి. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశం ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా మూడోవాడు కొల్లగొడితే, మూడు పనిదినాల్లో తెలిపినవారికి నష్టం ఉండకూడదు. మీ నిర్లక్ష్యం వల్లే పోయిందని బ్యాంకు అనొచ్చు. అది రుజువు చేయాల్సింది బ్యాంకే. ఒకవేళ రుజువైనా, మీరు తెలిపిన తర్వాత పోయే ప్రతి రూపాయీ బ్యాంకు నెత్తినే పడుతుంది. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

ఇక మీ ఆయన సంగతి. ఈ రాత్రే చెప్పండి. తెలియకపోతే వచ్చే జీతం కూడా ఆయన ఆ ఖాతాకే పంపుతారు, అదీ పోతుంది. మీ అబ్బాయి పరువు గురించి ఆలోచిస్తున్నాడు, స్లాబు గురించి కాదు. కొండల అవతల మైదుకూరు ఎమ్మెల్యే అంతటివారినే 2025లో 'డిజిటల్ అరెస్టు' అని బెదిరించి కోటి రూపాయలకు పైగా కాజేశారు. ఆయన దాచుకోలేదు, పోలీసులకు ఫిర్యాదు చేశారు. కువైట్ నుంచి రెండు మాటలు పడాల్సి రావచ్చు, పడండి. ఆడబిడ్డ కంటే ముందు మీ నోటివెంట వింటే ఆ కోపం సగమే ఉంటుంది.

లీడరు మీద కోపం మాత్రం అన్యాయం. ఆమె ఫోనూ ఇలాగే దొంగల చేతికి చిక్కి ఉంటుంది. మీ నంబరు నుంచి కూడా ఆ ఫైలు ఎవరెవరికి వెళ్లిందో చూసుకోండి. గ్రూపు మీటింగు దాకా ఆగకుండా రేపే ఆమెను వెంటబెట్టుకుని సభ్యులందరి ఇళ్లకూ వెళ్లండి. ఇంకెవరి ఫోన్లోనైనా ఆ యాప్ ఉంటే వాళ్ల డబ్బయినా దక్కుతుంది.