ఆముదపు గెలలో మగపూలు హెచ్చుటకు కారణము

నల్లగొండ, మహబూబునగరము జిల్లాల చల్క నేలలకు ఆముదము పాతపంట. పత్తి వచ్చి దాని చేలను చాలవరకు ఆక్రమించినను, వాననే నమ్మిన రైతు దానిని పూర్తిగా విడువలేదు. ఈ పంటను గూర్చి మమ్ము తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: "అయ్యా, చెట్టు మంచిగనే ఉన్నది. గెలనిండ పసుపుపచ్చని పూలే, కాయ పట్టలేదు. విత్తనములో మోసమున్నదా?"

గెలను దగ్గరగా చూడుడు. పైభాగమున ఎఱ్ఱని కుచ్చులు గలవి ఆడపూలు, కాయలగునవి ఇవియే. క్రిందివి మగపూలు, పుప్పొడి రాల్చి ఎండిపోవును. ఇవి ఎన్ని, అవి ఎన్ని యను నిర్ణయము గెల కంటబడిన నాడు జరుగునది కాదు. గెల ఇంకను కొనమొగ్గలో, లేతాకుల మడతలలో దాగియున్నప్పుడే చెట్టులోని హార్మోనులు దానిని నడపును.

హార్మోను ఎరువు కాదు. చెట్టు తానే అత్యల్పముగా చేసికొని, ఒక భాగమునుండి మరియొక భాగమునకు పంపు వార్త వంటిది. 1926లో కురోసావా యను జపాను పరిశోధకుడు వరినారును సన్నగా, పొడవుగా సాగదీయు తెగులును పరీక్షించి, బూజు విడుచు పదార్థమే దానికి కారణమని చూపెను. అదియే జిబ్బరెల్లిను, మొక్కలలోను సహజముగా నున్నదని పిమ్మట తేలినది. 1961లో షిఫ్రిస్ అను శాస్త్రజ్ఞుడు అది ఆముదమును ఆడపూల వైపు మొగ్గించునని ప్రకటించెను. వింత యేమనగా, కీరదోసలో అదే పదార్థము మగపూలను పెంచును! కావున పూలమందని చెప్పి అమ్మజూపు సీసాను ఏ పంటకో తెలియక కొనవలదు. వర్షాధారపు ఆముదమునకు మేము దానిని చెప్పము.

వేడిమి 32 డిగ్రీలు మించుట, పోషణ చాలకుండుట, చెట్టు ముదురుట, ఈ మూడును మగపూలను పెంచును. నేడు కనబడు మగపూలు కొన్ని వారముల క్రిందటి బెట్టకు ఫలితము కావచ్చును. గెల చూచిన పిదప వేసిన యూరియా ఆ గెలను మార్చజాలదు. తరువాతి గెలకు మాత్రము పనికివచ్చును. అందుచేత తొలకరి పదునులోనే విత్తి, 30-35 దినములకు నేలలో తడి యున్నప్పుడు పైపాటు ఎరువు వేయవలెను. పొడినేలలో వేసిన ఎరువు డబ్బు పారవేసినట్లే.

ఇక విత్తనము మాట. చేనంతయు ఒకే తీరుగా మగపూలైనచో చాలవరకు ఎండయే కారణము. చెట్టుకొక తీరుగా నున్నచో విత్తనమును అనుమానింపవచ్చును. హైబ్రిడ్డు పంట గింజనే దాచి మరల విత్తినను ఇట్లే యగును. అప్పుడు అమ్మినవానిని నిందింప వీలులేదు. కొన్న విత్తనమైనచో సంచిని, రసీదును భద్రపరచి, గెలలు కోయక మునుపే వ్యవసాయాధికారిని చేనికి పిలువవలెను.