పార్క్‌లో జంప్‌లు, పౌడర్‌లో రైడ్... రెండింటికీ ఒకే స్కీ జత ఎలా ఎంచుకోవాలి?

డెన్వర్, సాల్ట్ లేక్ సిటీ, సియాటిల్ వైపు చదువుకో ఉద్యోగానికో వెళ్లిన మనవాళ్లలో స్కీయింగ్ పిచ్చి పట్టినవాళ్లు కొందరుంటారు. ఒకటి రెండు చలికాలాలు అద్దె స్కీలతో గడిపాక సొంత జత కొందామనుకుంటారు. చిక్కంతా అక్కడే! రెయిల్స్, బాక్సులు, జంప్‌లు ఉండే టెర్రైన్ పార్క్‌కు ఒక రకం స్కీ కావాలి. రాత్రంతా కురిసిన మెత్తటి పౌడర్ మంచుకు ఇంకో రకం కావాలి. రెండు జతలకు బడ్జెట్ లేకపోతే ఎలా?

నేనైతే సేల్‌లో చవగ్గా వచ్చాయని 118 మిల్లీమీటర్ల పౌడర్ స్కీలు కొనేశా. ఆ సీజన్‌లో నాకు దొరికిన పౌడర్ రోజులు రెండే రెండు. మిగతా రోజులన్నీ గట్టి మంచు మీద ఆ పలకల్ని ఒక అంచు నుంచి ఇంకో అంచుకు తిప్పడంతోనే సరిపోయింది. మీకా తిప్పలు రాకుండా స్పెక్ షీట్ ఎలా చదవాలో చూద్దాం.

1. వెయిస్ట్ (నడుము వెడల్పు)

బూటు కింద ఉండే వెడల్పు ఇది. పార్క్ స్కీలు సాధారణంగా 80–95 మి.మీ. ఉంటాయి, పౌడర్ స్కీలు 110 దాటతాయి. రెండూ కావాలంటే 96–106 మధ్య చూడండి. చిన్న లెక్క వేద్దాం. 180 సెం.మీ. పొడవున్న స్కీ మొత్తం 14 మి.మీ. వెడల్పు పెరిగితే, రెండు స్కీలకు కలిపి దాదాపు 504 చదరపు సెం.మీ. ఎక్కువ వస్తుంది. అంటే ఒక ఏ4 కాగితంలో 80 శాతం! అదే బరువు ఎక్కువ చోట పరుచుకుంటుంది కాబట్టి మంచులో తక్కువ మునుగుతారు.

2. క్యాంబర్, రాకర్

నేల మీద పెట్టినప్పుడు నడుమ భాగం విల్లులా పైకి లేచి ఉంటే అది క్యాంబర్. గట్టి మంచును అంచు బాగా పట్టుకుంటుంది, జంప్‌కు ముందు స్ప్రింగ్‌లా తోస్తుంది. కొసలు ముందుగానే పైకి వంగి ఉంటే అది రాకర్. పౌడర్‌లో ముక్కు మునగదు. 2002లో షేన్ మెకాంకీ ఆలోచనతో వచ్చిన వోలాంట్ స్పాచులాకు స్ఫూర్తి వాటర్ స్కీలే. మనకు కావాల్సింది నడుమ క్యాంబర్, రెండు కొసల్లో రాకర్. వెనక కొస కూడా పైకి తిరిగిన ట్విన్ టిప్ తప్పనిసరి. లేకపోతే జంప్ చేసి వెనక్కి తిరిగి దిగడం కష్టం.

3. మౌంట్ పాయింట్

చాలామంది పట్టించుకోనిది, అసలు పట్టించుకోవాల్సింది ఇదే. బైండింగ్‌ను స్కీ మధ్య నుంచి ఎంత వెనక బిగించాలో చెప్పే అంకె ఇది. పార్క్ స్కీలకు 0 నుంచి −3 సెం.మీ. ఉంటుంది, పౌడర్ స్కీలకు −8 లేదా ఇంకా వెనక. మధ్యకు దగ్గరైతే స్పిన్ తేలిక. కానీ ముందు కొస పొట్టిదైపోయి పౌడర్‌లో మునుగుతుంది. మన అవసరానికి −3 నుంచి −6 సరిపోతుంది. గుర్తుంచుకోండి, డ్రిల్ చేశాక దీనికి రోల్‌బ్యాక్ లేదు. కొత్త చోట బిగించాలంటే మళ్లీ కొత్త రంధ్రాలే. అందుకే ముందు డెమో స్కీలు అద్దెకు తీసుకోండి. వాటి బైండింగ్ ముందుకీ వెనక్కీ జరుగుతుంది. మీకు నచ్చిన చోటు తెలిశాకే డ్రిల్ చేయించండి.

4. పొడవు, ఫ్లెక్స్

దాదాపు మీ ఎత్తుకు దగ్గరగా తీసుకోండి. రాకర్ వల్ల గట్టి మంచును తాకే భాగం తగ్గుతుంది కాబట్టి మరీ పొట్టివి వద్దు. ఫ్లెక్స్ మీడియం చాలు. మరీ మెత్తనివి పెద్ద జంప్ దిగేటప్పుడు ముడుచుకుపోతాయి, మరీ గట్టివి రెయిల్ మీద వంగవు.

5. బైండింగ్

బ్రేక్ వెడల్పు వెయిస్ట్‌కు సమానంగా కానీ, 10–15 మి.మీ. వరకు ఎక్కువగా కానీ ఉండాలి. బూటు ఏ విలువ దగ్గర విడిపోవాలో చెప్పే డిన్ సెట్టింగ్ మీ బరువు, ఎత్తు, వయసు, బూటు సోల్ పొడవు, స్కీయింగ్ తీరును బట్టి ఉంటుంది. యూట్యూబ్ చూసి సొంతంగా తిప్పకండి, టెక్నీషియన్‌తోనే చేయించండి. ఇక్కడ తప్పు జరిగితే పోయేది డబ్బు కాదు, మోకాలు.

ఏవి చూడొచ్చు?

అటామిక్ బెంట్ 100, కె2 రెకనర్ 102, ఆర్మడా ఏఆర్‌వీ 106. పేర్లలోని అంకెలే వాటి వెయిస్ట్. మొదటి రెండూ అన్నిటికీ మధ్యస్థం, మూడోది కాస్త పౌడర్ వైపు.

ఫైనల్‌గా

గత సీజన్ రోజులు లెక్కేయండి. పదింటిలో ఏడు పార్క్‌లోనే గడిస్తే 96–100. సగం సగమైతే 100–104. పౌడర్ ఎక్కువైతే 106. కలలో కనే రోజును కాదు, నిజంగా స్కీ చేసే రోజును చూసి కొనండి. ఇంకో మాట, రిసార్ట్ హద్దు దాటి పౌడర్‌లోకి వెళ్తే అవలాంచ్ బీకన్, పార, ప్రోబ్, వాటిని వాడటం తెలిసిన తోడు ఉండాల్సిందే. ఎంత మంచి స్కీ అయినా ఆ పని చేయదు.