చివరి రోజు పరుగు మానండి.. క్లయింటును ముందే సిద్ధం చేయండి!

డైరెక్టర్ల కేవైసీ గడువుకు ఆఖరి రోజు. రాత్రి తొమ్మిది. కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) పోర్టల్ తెరిచి ఉంది. డైరెక్టరు గారి ఫోనుకి ఓటీపీ వెళ్లింది. ఆ నంబరు ఆయన ఎప్పుడో మార్చేశారు. మీ గుండె గుభేల్‌మంది!

ఈ పరిస్థితి ఇక మీ ఆఫీసులో రాకూడదు. రాదు కూడా. ఎందుకంటే దాన్ని మార్చే శక్తి మీ చేతిలోనే ఉంది.

మీరు శ్రీకాకుళంలో ఆడిటరు కావచ్చు. విజయనగరంలో ట్యాక్స్ కన్సల్టెంటు కావచ్చు. నిన్నగాక మొన్న చేరిన ఆర్టికల్ అసిస్టెంటు కావచ్చు. క్లయింటును ముందే సిద్ధం చేసే అలవాటు అందరికీ కావాలి.

రూల్ మారింది.. మీరూ మారండి

కంపెనీ డైరెక్టర్లకు కేవైసీ తప్పనిసరి అయింది 2018లో. అప్పట్లో ఏటా సెప్టెంబరు 30 గడువు ఉండేది. గడువు తప్పితే డిన్ (డైరెక్టరు గుర్తింపు సంఖ్య) డీయాక్టివేట్ అవుతుంది. మళ్లీ బతికించాలంటే రూ.5,000 ఫీజు. అంతవరకూ ఆ డైరెక్టరు సంతకంతో కంపెనీ ఫారాలు దాఖలు కావు.

2026 మార్చి 31 నుంచి కొత్త విధానం. కేవైసీ మూడేళ్లకోసారి చేస్తే చాలు. గడువు జూన్ 30. ఇప్పటికే కేవైసీ పూర్తిచేసిన వాళ్లకు తర్వాతి గడువు 2028 జూన్ 30.

‘హమ్మయ్య’ అనుకున్నారా? ఆగండి. అసలు పరీక్ష ఇక్కడే!

ఏటా చేసే పని గుర్తుంటుంది. మూడేళ్లకోసారి వచ్చేది మరుగున పడుతుంది. ఈలోగా పలాసలో జీడి పరిశ్రమ నడిపే ఆయన సిమ్ మారుస్తారు. రాజాంలో ఉండే ఆయన పిల్లల చదువు కోసం విశాఖకు మకాం మారుస్తారు. బొబ్బిలి వైపు రైతు ఉత్పత్తిదారుల కంపెనీ డైరెక్టరు మెయిల్ పాస్‌వర్డ్ మరచిపోతారు. అలాంటి కంపెనీకి కనీసం ఐదుగురు డైరెక్టర్లు ఉండాలి. అంటే ఐదు ఫోన్లు, ఐదు మెయిళ్లు, ఐదు ఆధార్‌లు!

పైగా మొబైల్, ఈమెయిల్, ఇంటి చిరునామా.. ఏది మారినా 30 రోజుల్లో తెలియజేయాలి. కాబట్టి గడువు మూడేళ్లకోసారి వచ్చినా, మీ జాగ్రత్త మాత్రం ఏడాది పొడవునా ఉండాలి.

ఈ ఐదు అలవాట్లు చేసుకోండి

1. క్లయింటు భాషలో చెప్పండి. ‘డీఎస్సీ తెండి’ అంటే మన జిల్లాల్లో చాలామందికి టీచర్ పరీక్షే గుర్తొస్తుంది. ‘మీ డిజిటల్ సంతకం పెట్టే పెన్‌డ్రైవ్ లాంటిది ఉంది కదండీ, అది తీసుకురండి’ అనండి. అర్థమైతే ఎవరైనా సహకరిస్తారు.

2. మీ నంబరు ఇవ్వకండి. ‘క్లయింటుకు తెలీదులే’ అని ఆఫీసు ఫోను, ఆఫీసు మెయిల్ రాసేసే అలవాటు ఉందా? ఈరోజే మానేయండి. కేవైసీకి డైరెక్టరు సొంత నంబరు, సొంత మెయిల్ కావాలి. మెయిల్ లేకపోతే పక్కన కూర్చోబెట్టుకుని క్రియేట్ చేయించండి. పాస్‌వర్డ్ ఆయన దగ్గరే ఉండనివ్వండి.

3. పేర్లు ముందే సరిచూడండి. ఒక కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. మరోదాంట్లో ఒక్క అక్షరమే ఉండొచ్చు. పైడిరాజు, అప్పలనాయుడు.. ఒక్కో కార్డులో ఒక్కో స్పెల్లింగు! సవరణలకు రోజులు పడతాయి. పెళ్లయిన మహిళా డైరెక్టర్లను అడిగి తండ్రి పేరు కూడా రాసి పెట్టుకోండి. పాస్‌పోర్టు ఉంటే కాపీ తీసుకోండి.

4. ఓటీపీ మర్యాద నేర్పండి. ‘ఎందుకో చెప్పనిదే ఎవరికీ ఓటీపీ చెప్పకండి, నాక్కూడా’ అనండి. ఆ ఒక్క మాటతో మీ మీద నమ్మకం పదింతలవుతుంది.

5. ఏప్రిల్‌లో ఒక్క ఫోన్ చేయండి. ‘నమస్కారమండీ, ఫోను నంబరు, మెయిల్, ఇల్లు.. ఏమైనా మారాయా? మధ్యలో మారితే వెంటనే చెప్పండి.’ రెండు నిమిషాల పని. జవాబును డిన్, పాన్, డిజిటల్ సంతకం గడువుతో పాటు ఒకే షీట్‌లో రాయండి. ఏటా చేయండి. మానొద్దు.

క్లయింటును తప్పుపట్టకండి

‘మా క్లయింట్లు వినరండీ’ అంటారు చాలామంది. ఒక్కసారి ఆలోచించండి. మనం అడిగింది ఎప్పుడు? చివరి వారంలో! ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వితే నీళ్లు రావు. విసుగు వస్తుంది, గొడవ వస్తుంది. అదే మాట రెండు నెలల ముందు అడగండి. అదే క్లయింటు చిరునవ్వుతో కాగితాలు తెస్తారు.

డైరెక్టర్ల గుర్తింపు అడగడం మన దగ్గరే కాదు. బ్రిటన్‌లో 2025 నవంబరు 18 నుంచి డైరెక్టర్లకు గుర్తింపు ధ్రువీకరణ తప్పనిసరి చేశారు. అక్కడ కంపెనీ పెట్టుకున్న మన తెలుగువాళ్లకూ అదే రూల్. కంపెనీ పేరు వెనుక నిజమైన మనిషి ఉన్నాడా అని ప్రపంచమంతా అడుగుతోంది. ‘ఉన్నాడు, ఇదిగో’ అని చూపించే బాధ్యత మీ వృత్తికి దక్కింది. గర్వంగా చేయండి.

ఈరోజే మొదలుపెట్టండి. ఐదుగురు క్లయింట్ల పేర్లు రాయండి. మొదటి నంబరుకు ఇప్పుడే ఫోన్ చేయండి. అది మోగితే ఒక పని పూర్తయినట్టు. మోగకపోతే, సరిదిద్దడానికి కావలసినంత సమయం ఇంకా మీ చేతిలో ఉన్నట్టు!